ఆశీలు వసూలు చేసేవారే అంగడి పెడితే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ ఉన్నాయి. యాప్‌ల మీద ఆధారపడి నడిచే వ్యాపారాలకు చట్టం ఏ మేరకు అండగా ఉంటుంది అన్నదే అందరి ప్రశ్న. చిన్న వ్యాపారుల లెక్కలు రాసి, పన్నులు కట్టించే చార్టర్డ్ అకౌంటెంటుగా ఈ బాధ నాకు రోజూ ఎదురయ్యేదే. అందుకే ఈసారి పన్నుల ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేశాను. ఉత్తరాల్లో పాఠకులు రాసిన యాప్‌ల పేర్లు తీసేశాను. అధికారికంగా విచారణకు వచ్చిన కేసుల్లో మాత్రం పేర్లు ఉంచాను.

మాది చిన్న భోజన హోటల్. సగానికి పైగా ఆర్డర్లు ఒక డెలివరీ యాప్ ద్వారానే వస్తాయి. కమిషన్ పెంచుకుంటూ పోతున్నారు. యాప్‌లో ఉన్న ధర కన్నా కౌంటర్లో తక్కువకు అమ్మితే ఒప్పుకోవడం లేదు. ఇప్పుడు ఆ యాప్ వాళ్లే మా పేటలో వంటశాల తెరిచి బిర్యానీ అమ్ముతున్నారు. ఇది గుత్తాధిపత్యం కాదా? ఫిర్యాదు చేస్తే మమ్మల్ని తీసేస్తారేమోనని భయం.
— హోటల్ యజమాని, విజయవాడ

మీరు పంపిన వారం లెక్కల కాగితం ముందు పెట్టుకుని ఈ జవాబు రాస్తున్నాను. అందులో ఒక్క ఆర్డరు చూద్దాం. బిల్లు 340 రూపాయలు. రాయితీ కింద 60 రూపాయలు పోయాయి, ఆ భారం మొత్తం మీదే. మిగిలిన 280 మీద 24 శాతం కమిషన్ 67 రూపాయల 20 పైసలు. ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ 12 రూపాయల 10 పైసలు. జాబితాలో పైన కనిపించడానికి ప్రకటన ఖర్చు 15 రూపాయలు. ఇక మీ చేతికి అందింది 185 రూపాయల 70 పైసలు. తిన్నవారు కట్టే 5 శాతం జీఎస్టీని 2022 జనవరి నుంచి యాప్ వాళ్లే నేరుగా ప్రభుత్వానికి కడుతున్నారు కనుక అది ఈ లెక్కలోకి రాదు. ఇందులోంచే బియ్యం, మాంసం, గ్యాసు, వంటవాడి జీతం, అద్దె వెళ్లాలి.

ఈ కాగితంలో ఉండాల్సిన గడి ఒకటి లేదు. అది కొన్నవారి ఫోను నంబరు. మీ బిర్యానీ నచ్చి నెలకు నాలుగుసార్లు తెప్పించుకునే మనిషి ఎవరో మీకు తెలియదు, యాప్‌కు తెలుసు. మీరు సంపాదించుకున్న రేటింగు కూడా అక్కడే ఉంటుంది. రేపు మీరు ఆ యాప్ మానేస్తే నక్షత్రాలూ రావు, ఖాతాదారులూ వెంట రారు. ఇరవై నాలుగు శాతమా, ఇరవై ఆరు శాతమా అన్న బేరం కన్నా ఇది పెద్ద విషయం. వదిలి వెళ్లలేని వ్యాపారికి బేరమాడే బలం ఎక్కడినుంచి వస్తుంది?

ఇక చట్టం మాట. 1969 నాటి పాత గుత్తాధిపత్య నిరోధక చట్టం కంపెనీ ఎంత పెద్దదని చూసేది. దాని స్థానంలో వచ్చిన 2002 నాటి పోటీ చట్టం పెద్దగా ఉండటాన్ని తప్పు పట్టదు, ఆ బలంతో ఏం చేశారో అడుగుతుంది. నాలుగో సెక్షను ఆధిపత్య దుర్వినియోగం గురించి. ముందు ఆ కంపెనీకి మార్కెట్లో ఆధిపత్యం ఉందని తేల్చాలి, తర్వాత దాన్ని దుర్వినియోగం చేసిందని చూపాలి. మూడో సెక్షను పోటీని దెబ్బతీసే ఒప్పందాల గురించి. దీనికి ఆధిపత్యం నిరూపించాల్సిన పని లేదు, ఒప్పందం వల్ల పోటీకి గట్టి నష్టం కలుగుతోందని చూపితే చాలు. మీలాంటి వారికి ఈ మూడో సెక్షనే దగ్గరి దారి.

మీ మూడు ఫిర్యాదుల్లో కమిషన్ పెంపు అన్నిటికన్నా బలహీనమైనది. ధర ఎంత ఉండాలో నిర్ణయించే పని, ఈ చట్టాన్ని అమలు చేసే పోటీ కమిషన్ సాధారణంగా తలకెత్తుకోదు. యాప్‌లో ఉన్న ధర కన్నా బయట తక్కువకు అమ్మకూడదన్న ధర సమానత్వం షరతు అంతకన్నా బలమైనది. యాప్ సొంత వంటశాల సంగతి మరీ బలమైనది. దేశంలోని రెస్టారెంట్ల జాతీయ సంఘం జొమాటో, స్విగ్గీల మీద ఫిర్యాదు చేస్తే, 2022 ఏప్రిల్ 4న పోటీ కమిషన్ విచారణకు ఆదేశించింది. ధర సమానత్వ షరతులు, యాప్‌లకు సొంత ప్రయోజనం ఉన్న వంటశాలల పట్ల పక్షపాతం అందులో ప్రధానమైన అంశాలు. యాప్‌లు పట్టుకునే కమిషన్ల శాతం మీద కాకుండా వీటి మీద పోటీ కమిషన్ దృష్టి పెట్టడం సరైనదని నా అభిప్రాయం.

వారపు సంతలో ఆశీలు వసూలు చేసే పాటదారు ఉంటాడు. అతను ఎవరి దగ్గర ఎంత పుచ్చుకున్నా అది అందరికీ తెలిసిన రేటు. అదే పాటదారు ఒక పక్క తానూ కూరగాయల అంగడి పెట్టుకుని, ఏ రైతు ఏ ధరకు ఎంత అమ్మాడో చీటీలు చూసుకుని, దారి పక్కన మంచి చోటు తనకే ఉంచుకుంటే ఆ సంత ఎన్నాళ్లు నిలుస్తుంది? మీ పేటలో జరుగుతున్నది ఇదే. ఏ వీధిలో ఏ పూట ఏ బిర్యానీ ఎంత పోతుందో మీ అమ్మకాల నుంచే యాప్‌కు తెలిసింది. ఆ సమాచారంతోనే మీకు పోటీ పెట్టారని నిరూపించగలిగితే అది గట్టి కేసు.

భయం గురించి రాశారు. అది ఊరికే కలిగిన భయం కాదు, నేనూ తేలిగ్గా తీసుకోను. అయితే మూడు విషయాలు గుర్తుంచుకోండి. పోటీ కమిషన్‌కు సమాచారం ఎవరైనా ఇవ్వవచ్చు, నష్టపోయినవారే ఇవ్వాలని లేదు. ఓలా, ఉబర్ ధరల కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. కాబట్టి మీ హోటళ్ల సంఘం పేరుతో వెళ్లవచ్చు. మీ పేరు గోప్యంగా ఉంచమని కోరే వీలూ ఉంది. 2023 సవరణ తర్వాత, కారణం తలెత్తిన మూడేళ్లలోగా ఫిర్యాదు ఇవ్వాలి. అందువల్ల ఈ రోజు నుంచే ఒప్పందం మారిన ప్రతిసారీ పాత ప్రతి, కొత్త ప్రతి రెండూ దాచండి. యాప్‌లో మీ స్థానం దిగిపోయిన రోజు తేదీతో ఫోటో తీసుకోండి. ధర పెంచమని వారి ప్రతినిధి ఫోనులో చెబితే, ‘మీరు చెప్పిన మాట ఇదే కదా’ అని అదే రోజు ఈమెయిల్ రాయండి.

మా లాడ్జిలో గది 1,500 రూపాయలు. బుకింగ్ వెబ్‌సైటు వాళ్లు కమిషన్ పట్టుకుంటారు కనుక నేరుగా వచ్చిన యాత్రికుడికి 1,200కు ఇద్దామంటే ఒప్పందం అడ్డం వస్తోంది. ఇది చెల్లుతుందా?
— లాడ్జి యజమాని, తిరుపతి

ఇలాంటి షరతు మీద ఇప్పటికే ఉత్తర్వు వచ్చింది. 2022 అక్టోబరు 19న పోటీ కమిషన్ మేక్‌మైట్రిప్–గోఐబిబోకు 223.48 కోట్లు, ఓయోకు 168.88 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తమ దగ్గరకన్నా తక్కువ ధరకు ఇతర బుకింగ్ వెబ్‌సైట్లలో గది ఇవ్వకూడదన్న షరతులను తీసేయమంది. మేక్‌మైట్రిప్–గోఐబిబో సైట్లు ఓయోకు పెద్దపీట వేసి ఫ్యాబ్‌హోటల్స్, ట్రీబో వంటి సంస్థలను జాబితా నుంచి తప్పించడాన్ని కూడా తప్పు పట్టింది. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి.

ఈ షరతు పైకి యాత్రికుడికి మేలు చేసేదిలా కనిపిస్తుంది. ‘ఇంతకన్నా తక్కువ ఎక్కడా దొరకదు’ అన్న హామీ కదా అనిపిస్తుంది. కానీ అది ఎలా నిలబడుతుందో చూడండి. మీరు ఎక్కడా తక్కువకు ఇవ్వకూడదు కనుక ఎక్కడా తక్కువకు దొరకదు. తక్కువ కమిషన్‌తో కొత్త వెబ్‌సైటు వచ్చినా మీరు దానిలో ధర తగ్గించలేరు, అందువల్ల యాత్రికులు దానికి మళ్లరు, అది మూతపడుతుంది, పాతవారి కమిషన్ అలాగే ఉంటుంది. చివరికి ఆ 300 రూపాయలు కొండకు వచ్చిన యాత్రికుడి జేబులోంచే పోతాయి. మీ ఒప్పందంలో ఆ షరతు ఏ వాక్యంలో ఉందో గుర్తించి, ఈ ఉత్తర్వు ప్రస్తావిస్తూ తీసేయమని రాతపూర్వకంగా అడగండి.

కిరాణా దుకాణంలో నాకు పడే ధర కన్నా తక్కువకే ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నష్టానికి అమ్మి మమ్మల్ని మూయించడం నేరం కాదా?
— వ్యాపారి, అనంతపురం

నేరం అనరు గానీ పోటీ చట్ట ఉల్లంఘన అయ్యే అవకాశం ఉంది. కానీ చట్టంలో పెద్ద మెలిక ఉంది. పోటీని తొలగించాలని ఖర్చు కన్నా తక్కువకు అమ్మడం అప్పటికే ఆధిపత్యం ఉన్నవారు చేస్తేనే నాలుగో సెక్షను కిందికి వస్తుంది. ఆధిపత్యం సంపాదించడానికి చేస్తే రాదు. బెంగళూరులో రేడియో టాక్సీ కంపెనీలు ఓలా మీద వేసిన కేసు 2017లో ఇక్కడే వీగిపోయింది. ఓలాకు ఆధిపత్యం లేదు కాబట్టి ధరల సంగతి తేల్చే పని లేదంది కమిషన్. 2019లో ఢిల్లీ ప్రాంతంలో ఉబర్ కేసు వచ్చినప్పుడు సుప్రీంకోర్టు వేరేగా చూసింది. ఒక్కో ట్రిప్పు మీద 204 రూపాయలు నష్టపోతున్నారంటే, పోటీని తొలగించాలన్న ఉద్దేశం తప్ప వ్యాపార రీత్యా అర్థం కనిపించడం లేదని చెప్పి, విచారణ జరపమంది.

ఇక్కడ అర్థశాస్త్రం కాస్త చెప్పాలి. ఇరువైపులా ఖాతాదారులు ఉండే మార్కెట్ల గురించి ఫ్రాన్సుకు చెందిన జాన్ షార్ల్ రోషే, జాన్ తిరోల్ 2003లో ప్రచురించిన పరిశోధన చాలా ప్రసిద్ధమైనది. తిరోల్‌కు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రయాణికులు పెరిగితే డ్రైవర్లు వస్తారు, డ్రైవర్లు పెరిగితే ప్రయాణికులు వస్తారు. కాబట్టి ఒక వైపు ఖర్చు కన్నా తక్కువ ధర పెట్టి, రెండో వైపు రాబట్టుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. ప్రతి తక్కువ ధరనూ కుట్ర అనలేం. అందుకే కమిషన్ తడబడుతుంది. నా మట్టుకు నేను ఒక్క గుర్తు చూస్తాను. వీధిలో పోటీ దుకాణాలు మూతపడ్డాక ఆ యాప్ ధరలు, డెలివరీ రుసుములు పెరిగాయా? మీ సంఘం ఈ ధరలను వారం వారం రాసి పెట్టుకుంటే అది కమిషన్ ముందు మాటల కన్నా బలమైన సాక్ష్యం.

వాట్సాప్‌కు మనం పైసా కట్టం. ఉచితంగా ఇచ్చేదానిలో వినియోగదారుడికి నష్టం ఏమిటి? మా లెక్చరర్‌తో వాదన జరిగింది.
— ఎం.ఏ. విద్యార్థిని, వరంగల్

వాదనలో మీ లెక్చరర్ ఏ పక్షాన ఉన్నారో రాయలేదు, కానీ ప్రశ్న చాలా మంచిది. ధర సున్నా అయినప్పుడు పోటీ నాణ్యతలో జరుగుతుంది. మెసేజింగ్ యాప్ నాణ్యతలో మీ వివరాల గోప్యత ఒక ముఖ్యమైన భాగం. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త గోప్యతా విధానం పెట్టి, ఒప్పుకుంటేనే వాడుకోండి అంది. ఇంట్లోవాళ్లు, కాలేజీ గ్రూపు, పాలవాడు అందరూ అక్కడే ఉన్నప్పుడు మీరొక్కరే మరో యాప్‌కు వెళ్లి ఎవరితో మాట్లాడతారు? ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాల్సి రావడమే అక్కడి నష్టం.

2024 నవంబరులో పోటీ కమిషన్ ఇదే తర్కంతో వాట్సాప్ యజమాని అయిన మెటాకు (పాత పేరు ఫేస్‌బుక్) 213.14 కోట్ల జరిమానా వేసి, ప్రకటనల కోసం వాట్సాప్ సమాచారాన్ని మెటా ఇతర కంపెనీలతో పంచుకోవడాన్ని ఐదేళ్లు నిషేధించింది. 2025 నవంబరులో అప్పీలు విన్న జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టింది, ఐదేళ్ల నిషేధాన్ని మాత్రం కొట్టేసింది. మీ పరీక్షకు ఇంకో సంగతి. ఫేస్‌బుక్ 2014లో వాట్సాప్‌ను 19 వందల కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆస్తులు, టర్నోవర్ చూసే మన పాత నిబంధనల వలలో అలాంటి కొనుగోళ్లు పడవు. అందుకే 2024 సెప్టెంబరు నుంచి, భారత్‌లో చెప్పుకోదగ్గ వ్యాపారం ఉన్న సంస్థను 2,000 కోట్ల రూపాయలకు మించిన ఒప్పందంతో కొంటుంటే కమిషన్‌కు చెప్పాలన్న నియమం అమలులోకి వచ్చింది.

మేము ముగ్గురం కలిసి పిల్లల పాఠాల యాప్ చేశాం. చందా డబ్బులో వాటా యాప్ స్టోర్‌కు పోతోంది. గూగుల్‌కు వందల కోట్ల జరిమానాలు వేశారని చదివాం. మాకు ఒరిగింది ఏమిటి?
— సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, హైదరాబాద్

మీ ప్రశ్నలో ఉన్న కోపం న్యాయమైనదే. తేదీలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ యాప్‌ల మూటను తప్పనిసరిగా పెట్టించడం మీద కమిషన్ 2019 ఏప్రిల్‌లో విచారణకు ఆదేశించింది. 2022 అక్టోబరు 20న 1,337.76 కోట్ల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను ఖరారు చేసినా, కమిషన్ ఇచ్చిన పది ఆదేశాల్లో నాలుగింటిని పక్కన పెట్టింది. ప్లే స్టోర్‌లోనే ఇతర యాప్ దుకాణాలకూ చోటివ్వాలన్న ఆదేశం ఆ నాలుగింటిలో ఒకటి. మీలాంటి వారికి నిజంగా పనికొచ్చేది అదే.

మీకు నేరుగా సంబంధించింది రెండో కేసు. ప్లే స్టోర్ చెల్లింపుల పద్ధతి మీద 2022 అక్టోబరు 25న 936.44 కోట్లు వేశారు. 2025 మార్చిలో ట్రిబ్యునల్ తప్పు జరిగిందని ఒప్పుకుంటూనే దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది. ఈ మధ్యలో 2024 మార్చి 1న, రుసుముల తగాదాలో గూగుల్ పలు భారతీయ కంపెనీల యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తొలగించింది. పెళ్లి సంబంధాల యాప్‌లు, ఉద్యోగాల యాప్ కూడా వాటిలో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం కలగజేసుకున్నాక కొద్ది రోజుల్లోనే అవి తిరిగి వచ్చాయి. పోటీ చట్టం ఏళ్ల తరబడి చేయలేనిది మంత్రి స్థాయి సమావేశంతో జరిగిందంటే, ఆ చట్టం మీద మనసు పెట్టుకున్నవాడిగా నాకు కష్టంగానే ఉంది. పెద్ద కంపెనీలను ఢిల్లీ పిలిపించుకుంటుంది. ముగ్గురు కుర్రాళ్ల యాప్ పోతే ఎవరు పిలుస్తారు?

మీకు ఒరిగింది కొంత ఉంది. వేరే చెల్లింపు మార్గం పెట్టుకోవడానికి ఇప్పుడు వీలుంది, కానీ అప్పుడు కూడా రుసుము నాలుగు శాతం పాయింట్లే తగ్గుతుంది. డబ్బు వసూలు చేసిపెట్టే బయటి గేట్‌వేకు ఆ మేరకు ఖర్చవుతుంది కనుక లాభం దాదాపు శూన్యం. మీ యాప్‌కు ఒక మామూలు వెబ్‌సైటు కూడా పెట్టుకోండి, బడులకు చందాలు అక్కడే అమ్మండి. బడి ప్రధానోపాధ్యాయుడి నంబరు మీ దగ్గర ఉంటే ఏ స్టోరూ మధ్యలోకి రాదు.

జరిమానాల మొత్తం గురించి ఒక మాట. చట్టం ప్రకారం సగటు టర్నోవర్‌లో పది శాతం దాకా వేయవచ్చు. 2023 సవరణ ఆ టర్నోవర్ అంటే ప్రపంచవ్యాప్త టర్నోవర్ అని తేల్చింది. ఆపిల్ దాన్ని 2025లో ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఆ వ్యాజ్యం ఫలితాన్ని బట్టి జరిమానాకు నిజమైన బరువు వస్తుందో లేదో తేలుతుంది.

యూపీఐలో ఫోన్‌పే, గూగుల్ పే రెండింటిదే రాజ్యం. ఇది ప్రమాదం కాదా?
— ఉపాధ్యాయుడు, కరీంనగర్

యూపీఐ లావాదేవీల్లో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఈ రెండింటివే. ఏ యాప్ వాటా 30 శాతం దాటకూడదని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2020 నవంబరులో చెప్పింది. గడువు వాయిదా పడుతూ 2026 డిసెంబరు చివరికి చేరింది. అయినా మిగతా ఉత్తరాల్లో చూసిన బాధతో పోలిస్తే నాకు ఇక్కడ కంగారు తక్కువ. మీ డబ్బు బ్యాంకులో ఉంది. ఇవాళ యాప్ మార్చినా అదే ఖాతా, దుకాణంలో అదే క్యూఆర్ పలక. ఫోన్‌పే పలకను ఏ యాప్‌తోనైనా స్కాన్ చేయవచ్చు. కట్టినప్పుడే అలా కట్టారు కాబట్టి ఇది సాధ్యమైంది. వాటాల మీద పరిమితి కన్నా ఈ తలుపు ఎప్పటికీ తెరిచే ఉండేలా చూడటం ముఖ్యం.

ఐరోపాలో ముందుగానే నియమాలు పెట్టారు. అమెరికాలో కోర్టు గూగుల్ గుత్తాధిపత్యం చేసిందని తేల్చింది. భారత్ ఎందుకు వెనకబడింది?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

అమెరికా తీర్పు ఇచ్చింది జడ్జి అమిత్ మెహతా, 2024 ఆగస్టు 5న. ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చ్‌నే ముందుగా ఉంచడానికి గూగుల్ 2021లో ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని ఆ కేసులో బయటపడింది. కానీ 2025 సెప్టెంబరులో సరిదిద్దే చర్యలు ప్రకటించినప్పుడు గూగుల్ బ్రౌజర్ క్రోమ్‌ను అమ్మేయమనడానికి ఆయన ఒప్పుకోలేదు. తప్పు తేల్చడం ఒక ఎత్తు, జరిగిన నష్టాన్ని సరిదిద్దడం మరో ఎత్తు అని అక్కడా తెలిసింది. ఐరోపా పద్ధతి వేరు. 2024 మార్చి నుంచి పూర్తిగా అమలవుతున్న డిజిటల్ మార్కెట్ల చట్టం పెద్ద వేదికలు ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందే చెబుతుంది. 2025 ఏప్రిల్‌లో ఆ చట్టం కింద ఆపిల్‌కు 50 కోట్లు, మెటాకు 20 కోట్ల యూరోల జరిమానాలు పడ్డాయి.

మన దగ్గర పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం 2022 డిసెంబరులోనే ఇలాంటి చట్టం కావాలంది. 2024 మార్చిలో డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా వచ్చింది. ఇంకా చట్టం కాలేదు. సొంత ఉత్పత్తులకు పక్షపాతం చూపకూడదు, వ్యాపారుల సమాచారాన్ని వారి మీదే వాడకూడదు అన్న నియమాలు అందులో ఉన్నాయి. విజయవాడ హోటలు యజమానికి కావలసింది సరిగ్గా ఇదే, ఏళ్ల విచారణ అక్కర్లేకుండా.

నేను ఈ చట్టం కావాలనేవాడినే, అయితే ఒక పట్టింపు ఉంది. ఆర్థిక ప్రమాణాల్లో ఒకటి భారత్‌లో 4,000 కోట్ల టర్నోవర్. దానితోపాటు కోటిమంది వినియోగదారులు గానీ, 10,000 మంది వ్యాపార ఖాతాదారులు గానీ ఉంటే చాలు. మన దేశ జనాభాలో కోటి అంటే పెద్ద సంఖ్య కాదు. ఇప్పుడిప్పుడే ఎదుగుతున్న దేశీయ కంపెనీలు కూడా గూగుల్‌తో సమానంగా ఈ పరిధిలోకి రావచ్చు. వినియోగదారుల సంఖ్యను ఇంకా పైకి జరిపి, నియమాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టుగా ఉంచితే బిల్లుకు నా మద్దతు పూర్తిగా ఉంటుంది. మీరు భారత పౌరులే అయితే మీ పార్లమెంటు సభ్యుడికి ఈ ఒక్క అంశం మీద ఉత్తరం రాయండి. బిల్లు సభకు రాకముందే రాయడం మేలు.